బిగ్ బెండ్‌లో శివరాత్రి: ఆర్‌వీలో నాలుగు రాత్రులు

టెక్సాస్‌లో మారథన్ ఊరు దాటితే, బిగ్ బెండ్ పార్క్ కార్యాలయం ఉన్న పాంథర్ జంక్షన్ దాకా 70 మైళ్ళు. దారిలో గ్యాస్ స్టేషన్ లేదు, కాఫీ దొరికే చోటు లేదు, చాలాసేపు ఫోన్‌లో సిగ్నల్ కూడా ఉండదు. హైవే 385 తిన్నగా దక్షిణానికి పోతూ ఉంటుంది. రెండు పక్కలా పొదలు, దూరంగా నీలం కొండలు. "ఇంత భూమి ఊరికే ఎట్లా వదిలేసినారమ్మా?" అని నాన్న రెండు మూడుసార్లు అడిగారు. మాది అనంతపురం జిల్లా. వాన కోసం ఆకాశం కేసి చూస్తూ బతికిన ఊరు. అలాంటి మనిషికి కూడా ఆ ఎండిన నేల వింతగా కనిపించింది.

టెక్సాస్‌లో ఇన్నేళ్ళుగా ఉంటున్నా మేం బిగ్ బెండ్ నేషనల్ పార్క్‌కి వెళ్ళలేదు. డల్లాస్ నుంచి 550 మైళ్ళకు పైనే దూరం. అమ్మానాన్నలు వచ్చినప్పుడు వెళ్దామంటే అమ్మ మోకాళ్ళ సంగతి, దారిలో బాత్‌రూమ్ సంగతి అడ్డమొచ్చేవి. 2023 ఫిబ్రవరిలో ప్రెసిడెంట్స్ డే సెలవు, మహాశివరాత్రి, అమావాస్య మూడూ కలిసి వచ్చాయి. 18న శనివారం శివరాత్రి, 20న సోమవారం అమావాస్య, సెలవు. పిల్లల్ని రెండు మూడు రోజులు బడి మాన్పించి, 25 అడుగుల ఆర్‌వీ (పడక, వంటిల్లు, బాత్‌రూమ్ లోపలే ఉండే పెద్ద బండి) ఒకటి అద్దెకు తీసుకుని బయల్దేరాం. ఆస్టిన్ నుంచి తమ్ముడు, మరదలు తమ ఎస్‌యూవీలో వచ్చి ఫోర్ట్ స్టాక్‌టన్‌లో మమ్మల్ని కలిశారు. ఆ ఎస్‌యూవీయే లేకపోతే ఈ యాత్రలో సగం మేం చూసేవాళ్ళం కాదు. అందుకే ఆర్‌వీలో వెళ్ళాలనుకునే మన వాళ్ళకి ముందుగా చెప్పాల్సింది ఇదే: బిగ్ బెండ్‌లో ఆర్‌వీ మంచి ఇల్లు, కానీ తిరగడానికి పనికొచ్చే బండి కాదు. వెంట ఒక చిన్న బండి ఉండి తీరాలి.

ఎందుకంటే పార్క్ మధ్యలో, కొండల నడుమ లోయలో ఉన్న చీసోస్ బేసిన్‌కి వెళ్ళే రోడ్డు కొండ మీద మెలికలు తిరుగుతుంది. 24 అడుగులు దాటిన ఆర్‌వీలు, 20 అడుగులు దాటిన ట్రెయిలర్లు ఆ రోడ్డు ఎక్కవద్దని పార్క్ వాళ్ళే చెబుతారు. మాది ఒక్క అడుగు ఎక్కువ. వెనక సైకిళ్ళ స్టాండ్ కూడా తగిలించామంటే ఇంకా పొడుగు. హాట్ స్ప్రింగ్స్‌కి వెళ్ళే ఇరుకు మట్టిరోడ్డు మీదికి ఆర్‌వీలను అసలు రానివ్వరు. గ్రేప్‌వైన్ హిల్స్ వైపు ఆరేడు మైళ్ళ కంకర రోడ్డుంది, అక్కడికి ఆర్‌వీ తీసుకెళ్తే లోపల గిన్నెలన్నీ కింద ఉంటాయి.

మొదటి రాత్రి ఒడెస్సా దాటాక వచ్చే మొనాహన్స్ శాండ్‌హిల్స్ స్టేట్ పార్క్‌లో ఆగాం. ఇంటి నుంచి అక్కడికి దాదాపు 400 మైళ్ళు. ఆర్‌వీని గంటకు 65 మైళ్ళకు మించి తోలకూడదని మా వారు పట్టుబట్టారు, కాబట్టి చేరేసరికి చీకటి పడింది. చుట్టూ చమురు బావులు, మధ్యలో తెల్లటి ఇసుక దిబ్బలు. సైటు దగ్గరే కరెంటు, నీళ్ళు ఉన్నాయి. పొద్దున్నే పిల్లలు పార్క్ ఆఫీసులో ప్లాస్టిక్ పళ్ళేలు అద్దెకు తీసుకుని దిబ్బల మీంచి జారారు. దారిలో ఒక రాత్రికి చక్కని చోటు. అంతకంటే ఎక్కువ ఉండాల్సిన పని లేదు.

ఫోర్ట్ స్టాక్‌టన్‌లో ట్యాంకు నిండా గ్యాస్, అంటే పెట్రోల్, పోయించండి. పార్క్ లోపల పాంథర్ జంక్షన్‌లోనూ, మెక్సికో సరిహద్దు నది రియో గ్రాండే పక్కనున్న రియో గ్రాండే విలేజ్‌లోనూ గ్యాస్ దొరుకుతుంది కానీ ధర ఎక్కువ. ఇంకో సంగతి, ఆర్‌వీలో ఉండే జనరేటర్ చాలావాటిలో అదే ట్యాంకు నుంచి తాగుతుంది. ట్యాంకు పావు వంతుకు దిగితే జనరేటర్ ఆగిపోతుంది, బండి మాత్రం నడుస్తుంది. ఎడారి మధ్యలో గ్యాస్ అంతా జనరేటర్‌కే పోకుండా అలా అమర్చారు. ఇది మాకు అద్దెకిచ్చిన వాళ్ళు చెప్పలేదు, పక్క సైటులో ఉన్న పెద్దాయన చెప్పారు.

మేం మూడు రాత్రులు రియో గ్రాండే విలేజ్ క్యాంప్‌గ్రౌండ్‌లో, నాలుగో రాత్రి దాని పక్కనే ఉన్న ఆర్‌వీ పార్క్‌లో ఉన్నాం. ఈ రెంటికీ మధ్య నడిచే దూరమే, కానీ అనుభవంలో చాలా తేడా.

క్యాంప్‌గ్రౌండ్‌లో 100 సైట్లు. అప్పుడు రాత్రికి 16 డాలర్లు. కరెంటు లేదు, సైటుకు నీళ్ళ పైపు లేదు, మురుగు పైపు లేదు. అక్కడక్కడా కుళాయిలు, ఫ్లష్ ఉన్న బాత్‌రూములు, బయటికి వెళ్ళే దారిలో మురుగు ట్యాంకు ఖాళీ చేసుకునే డంప్ స్టేషన్ ఉన్నాయి. పైన పెద్ద పెద్ద కాటన్‌వుడ్ చెట్లు. ఎడారిలో తొంభై మైళ్ళు వచ్చాక ఆ నీడలోకి బండి దూరగానే అమ్మ కిటికీ తెరిచి "అమ్మయ్య" అంది. తూర్పున సియెరా డెల్ కార్మెన్ కొండలు మెక్సికో వైపు గోడ కట్టినట్టు నిలబడి ఉంటాయి. పొద్దు వాలేటప్పుడు ఆ గోడ మొత్తం గులాబీ రంగుకు తిరుగుతుంది. మేం ఉన్న మూడు సాయంత్రాలూ వంట ఆపేసి అది చూశాం.

జనరేటర్ పొద్దున 8 తర్వాతే, అదీ వాళ్ళు చెప్పిన వేళల్లో మాత్రమే వేసుకోవాలి. కొన్ని సైట్ల దగ్గర అసలు వేయకూడదు. బుక్ చేసేటప్పుడే ఆ తేడా చూసుకోండి. కరెంటు లేనప్పుడు మైక్రోవేవ్, ఇన్‌స్టంట్ పాట్ రెండూ దండగే. మేం చిన్న ప్రెషర్ కుక్కర్ తీసుకెళ్ళాం, ప్రొపేన్ పొయ్యి మీద అన్నం, పప్పు ఇరవై నిమిషాల్లో అయిపోయాయి. మొదటి రోజుకి పులిహోర, తర్వాత ఉప్మా రవ్వ, ఇంట్లోనే చేసి ఫ్రీజ్ చేసిన చపాతీలు, పెరుగు, ఆవకాయ. కట్టెల మంట పార్క్‌లో ఎక్కడా వేయకూడదు, బొగ్గుల గ్రిల్ మాత్రం పరవాలేదు. ఇంకా, తిండి ఏదీ బయట వదలకూడదు. హావలీనాలని చిన్న అడవిపందుల్లాంటి జంతువులు గుంపులుగా సైట్ల మధ్య తిరుగుతాయి. పొద్దున పళ్ళు తోముకుంటూ చూస్తే ఐదారు మా బల్ల కింద వాసన చూస్తున్నాయి. పిల్లలు కిటికీకి అతుక్కుపోయి ఊపిరి బిగబట్టి చూశారు.

క్యాంప్‌గ్రౌండ్‌లో మొదటి రాత్రి మాకు కష్టం వచ్చింది. ఆర్‌వీ హీటర్ ప్రొపేన్‌తో మండుతుంది, కానీ ఆ వేడిని లోపలికి నెట్టే ఫ్యాన్ బ్యాటరీతో తిరుగుతుంది. రాత్రి రెండింటికి బ్యాటరీ చచ్చింది, ఫ్యాన్ ఆగింది, నీళ్ళ పంపు కూడా ఆగింది. ఎడారిలో పగలు ఎంత వెచ్చగా ఉన్నా ఫిబ్రవరి రాత్రి చలి గట్టిది. జనరేటర్ వేద్దామంటే పొద్దున ఎనిమిది దాకా వేయకూడదు. చుట్టూ అందరూ నిద్రలో ఉన్నారు. ఉన్న దుప్పట్లన్నీ అమ్మానాన్నలకు కప్పి, పిల్లల్ని మధ్యలో వేసుకుని తెల్లార్చాం. నాకు పెద్దవాళ్ళ గురించి చాలా టెన్షన్ పడిన రాత్రి అది. అద్దెకిచ్చిన వాళ్ళు బ్యాటరీ కొత్తదన్నారు. పొద్దున మూడు గంటలు జనరేటర్ వేసినా సాయంత్రానికే మళ్ళీ సగానికి పడిపోయింది. తర్వాతి రెండు రాత్రులూ పడుకునే ముందు లోపల బాగా వెచ్చబరిచి హీటర్ ఆపేశాం, లైట్లు తగ్గించాం, ఫోన్లన్నీ ఎస్‌యూవీలో ఛార్జ్ చేసుకున్నాం. అలా సరిపోయింది. మీరు అద్దెకు తీసుకుంటే బయల్దేరే ముందు రోజు మీ ఇంటి ముందే, ఏ కరెంటూ తగిలించకుండా, రాత్రంతా హీటర్ వేసి పెట్టి చూడండి. ఆ ఒక్క పరీక్ష మేం చేయలేదు.

ఇక పక్కనున్న ఆర్‌వీ పార్క్. 25 సైట్లు, అన్నిటికీ కరెంటు, నీళ్ళు, మురుగు పైపు ఉన్నాయి. ఇది స్టోర్‌ని ఆనుకునే ఉంటుంది. స్టోర్‌లో నాణేలు వేస్తే షవర్, బట్టలు ఉతికే మెషిన్లు దొరుకుతాయి. చివరి రాత్రి అక్కడ అందరం వేణ్ణీళ్ళ స్నానం చేసి, హీటర్ ఆపకుండా నిద్రపోయాం. హాయిగానే ఉంది. కానీ అది తారు వేసిన పార్కింగ్ స్థలం. బండి పక్కన బండి, తలుపు తీస్తే పక్కవాళ్ళ కిటికీ. ఆ రాత్రి మేం కుర్చీలు బయట వేసుకోలేదు, ఆకాశం చూడలేదు. అదే ఆకాశం, రెండు రాత్రుల ముందు నిద్ర మానుకుని మరీ చూశాం. పసిపిల్లలున్నా, ఆక్సిజన్, సీపాప్ (నిద్రలో ఊపిరికి సాయపడేది) లాంటి మెషిన్ మీద పడుకునే పెద్దవాళ్ళున్నా ఆర్‌వీ పార్కే తీసుకోండి, అందులో సందేహం లేదు. మిగతావాళ్ళకి నా మాట చెట్ల కింద సైటే. నాలుగు రాత్రులకైతే మూడు అక్కడ, చివరిది ఇక్కడ అనే లెక్క మాకు సరిగ్గా కుదిరింది.

పడమటి పక్క కాస్టలాన్ దగ్గర కాటన్‌వుడ్ క్యాంప్‌గ్రౌండ్ ఉంది. 24 సైట్లే, జనరేటర్‌కి అనుమతి లేదు, గుంత టాయిలెట్లు. మేం దాని పక్కనుంచి వెళ్ళినప్పుడు ఆగి చూశాం. ఎంత నిశ్శబ్దంగా ఉందంటే మాటలు తగ్గించి మాట్లాడాలనిపించింది. టెంట్ వేసుకునే కుర్రవాళ్ళకి అదే మంచిది, నది కోసిన సాంటా ఎలేనా కాన్యన్ (లోతైన లోయ) కూడా దగ్గర. కాస్టలాన్‌లో ఒకప్పుడు సైన్యం కట్టిన బారక్స్ ఉండేవి, తర్వాత అందులో కొట్టు నడిచింది. 2019 మేలో నది అవతల మొదలైన మంట ఇటు దూకి దాన్ని కాల్చేసింది. కొండల్లో, బేసిన్‌లో ఇంకో క్యాంప్‌గ్రౌండ్ ఉంది, చల్లగా ఉంటుంది, ట్రైల్స్ అక్కడి నుంచే మొదలవుతాయి, కానీ మా బండి అక్కడికి ఎక్కదు కాబట్టి దాని గురించి ఎక్కువ చెప్పలేను.

రియో గ్రాండే విలేజ్ నేచర్ ట్రైల్ పెద్దవాళ్ళతో వచ్చేవాళ్ళు వదలకూడనిది. క్యాంప్‌గ్రౌండ్ లోంచే మొదలవుతుంది, మొత్తం ముప్పావు మైలు. మొదట నీటి మడుగు మీద చెక్క వంతెన, తర్వాత చిన్న గుట్ట. గుట్ట మీంచి నది, అవతల మెక్సికో, ఇవతల చీసోస్ కొండలు ఒకేసారి కనిపిస్తాయి. అమ్మ వంతెన చివర బల్ల మీద కూర్చుంది, నాన్న గుట్ట ఎక్కారు. దారిలో ఒక చెట్టు దగ్గర ఆగి, కాయ పట్టుకుని చూసి, "ఇది మన కంపచెట్టు కదమ్మా!" అన్నారు. నిజమే. మనం సర్కారు తుమ్మ అని పిలిచే చెట్టు, ఇక్కడి మెస్కీట్ ఒకే కుటుంబం, అక్కాచెల్లెళ్ళ లాంటివి. సర్కారు తుమ్మ ఈ ఖండాల నుంచే మన దగ్గరికి వచ్చింది. నాగజెముడు కూడా అంతే. మన పొలాల గట్ల మీద దాన్ని చూసి అది మనదే అనుకుంటాం, దాని పుట్టిల్లు ఇది. మన ఊళ్ళో కంపచెట్టు చెరువుల్ని మింగేసింది, ఎంత కొట్టినా పోదు. ఇక్కడ దాని చోట అది అణగి, పక్క చెట్లతో సర్దుకుని ఉంది. నాన్న చాలాసేపు దాని గురించే మాట్లాడారు. కిత్తనార లాంటి మొక్క కనిపిస్తే నార తీసే పద్ధతి పిల్లలకి చేతులతో చూపించారు. ఇక్కడి వాళ్ళు దాన్ని లెచుగీయా అంటారు. ఇది చీవావా ఎడారి గుర్తు మొక్క, మొనలు సూదుల్లా ఉంటాయి. చెప్పుల్లో నడవకండి, బూట్లు వేసుకోండి.

శనివారం పొద్దున్నే హాట్ స్ప్రింగ్స్‌కి ఎస్‌యూవీలో రెండు విడతలుగా వెళ్ళాం. బండి దిగాక అర మైలు లోపే నడక. నది ఒడ్డున పాత స్నానఘట్టం పునాది మిగిలి ఉంది, అందులో 105 డిగ్రీల (ఫారెన్‌హీట్) వేడి నీళ్ళు ఊరుతుంటాయి. పక్కనే రియో గ్రాండే చల్లగా పారుతుంది. 1909లో లాంగ్‌ఫర్డ్ అనే ఆయన మలేరియాతో చిక్కిపోయి, ఈ నీళ్ళు రోగాలు తగ్గిస్తాయని విని ఇక్కడికి వచ్చి స్థిరపడ్డారు. 21 రోజులు వరసగా స్నానం చేసి కోలుకున్నారట. అమ్మ అది విని, కాళ్ళు మోకాళ్ళ దాకా పెట్టుకుని ముప్పావు గంట కదల్లేదు. ఎనిమిదింటికి మేం నలుగురమే, పదింటికి పాతిక మంది. పొద్దున్నే వెళ్ళండి.

ఆ రాత్రి శివరాత్రి. అమ్మ ఉపవాసం. పొద్దు గూకాక సైటులో బల్ల మీద చిన్న ప్రమిద వెలిగించింది. గాలికి కొండెక్కబోతుంటే మరదలు చేతులు అడ్డం పెట్టింది. దీపారాధన అయ్యాక మేం బండి లైట్లన్నీ ఆపేశాం. పడమట శుక్రుడు, దాని పైన గురుడు, రెండూ చెయ్యి చాస్తే అందేటంత వెలుగుతో ఉన్నాయి. ఆ నెలాఖరుకు అవి మరీ దగ్గరికి వచ్చాయి. ఎనిమిది దాటేసరికి పూర్తిగా చీకటి. బిగ్ బెండ్‌ని 2012లో అంతర్జాతీయ డార్క్ స్కై పార్క్‌గా గుర్తించారు. అలాస్కా, హవాయి కాకుండా మిగతా అమెరికా నేషనల్ పార్కుల్లో మనుషుల వెలుతురు అన్నిటికంటే తక్కువ పడే ఆకాశం ఇదే. అక్కడ అందరూ ఆ చీకటిని కాపాడతారు. ఎర్ర లైటు తప్ప వేయరు. మీ ఆర్‌వీ గుమ్మం లైటు తప్పకుండా ఆపేయండి.

నాన్న తల పైకెత్తి వరసగా చెప్పడం మొదలుపెట్టారు. కృత్తికలు, పక్కన రోహిణి, ఆ దగ్గరే ఎర్రగా కుజుడు, ఆ కింద మృగశిర, ఆరుద్ర. అవన్నీ మాకు కార్తెల పేర్లే. రోహిణి కార్తె ఎండ, మృగశిర కార్తె తొలకరి, ఆరుద్రలో వేరుశనగ విత్తనం. నా చిన్నప్పుడు ఆ పేర్లు ఎన్నిసార్లు విన్నానో లెక్క లేదు, ఆ నక్షత్రాలు ఎక్కడుంటాయో మాత్రం ఎప్పుడూ చూడలేదు. మా అబ్బాయి, "రోహిణి కార్తె మే నెలలో కదా తాతా, మరి ఇప్పుడెందుకు కనిపిస్తోంది?" అని అడిగాడు. "అప్పుడు సూర్యుడు ఆ నక్షత్రం దగ్గర ఉంటాడు నాయనా, వాడి వెలుగులో అది కనపడదు. ఇప్పుడు సూర్యుడు అవతలి పక్కన ఉన్నాడు కాబట్టి రాత్రి మనకి కనపడుతోంది" అన్నారు. అంత చక్కగా నాకు ఏ బడిలోనూ ఎవరూ చెప్పలేదు. పిల్లలు పదకొండింటికి నిద్రపోయారు, అమ్మ రెండింటికి లోపలికి వెళ్ళింది. నాన్న, నేను దుప్పట్లు కప్పుకుని కూర్చున్నాం. గుడ్లగూబ ఒకటి కాటన్‌వుడ్ కొమ్మల్లోంచి గంటకోసారి కూసింది. నది అవతల ఎక్కడో కుక్క మొరిగింది. నాలుగింటి వేళ కార్మెన్ కొండల పైన తేలు ఆకారం లేచింది, వృశ్చికం. ఇన్నేళ్ళలో మేమిద్దరం అంతసేపు ఒక్కచోట కూర్చున్నది ఆ రాత్రే.

జాగారం వల్ల ఆదివారం ఆలస్యంగా లేచాం, దానివల్ల సాంటా ఎలేనా కాన్యన్‌కి తప్పు వేళలో వెళ్ళాం. మా సైటు నుంచి అక్కడికి 60 మైళ్ళకు పైనే, ఆగి ఆగి వెళ్తే రెండు గంటలు. అందులో చివరి 30 మైళ్ళు రాస్ మాక్స్‌వెల్ సీనిక్ డ్రైవ్. ఈ పార్క్ మొదటి సూపరింటెండెంట్ పేరు అది. సోటోల్ విస్టా దగ్గర, గాడిద చెవుల్లాంటి మ్యూల్ ఇయర్స్ శిఖరాల దగ్గర ఆగండి. ఎంతదూరం వెళ్ళినా సాంటా ఎలేనా నోరు ఎదురుగా చిన్న గీతలా కనిపిస్తుంటుంది. దగ్గరికి వెళ్ళాక అది 1,500 అడుగుల సున్నపురాతి గోడ. ఎడమ గోడ మెక్సికో, కుడి గోడ అమెరికా, మధ్యలో నది. మేం వెళ్ళేసరికి మధ్యాహ్నం దాటింది, గోడలు నీడలో పడ్డాయి. లోయ నోట్లో వెలుగు పడేది పొద్దున.

ముందు టర్లింగ్వా వాగు దాటాలి. ఆ రోజు చీలమండల దాకా నీళ్ళు, కింద జిగట బురద. వాన పడితే దాటడం కుదరదు. తర్వాత మెట్లు, మెలికలు, ఆ తర్వాత నది పక్కన చదునుగా దారి. రానూపోనూ మైలున్నర పైన. అమ్మని మా వారు, తమ్ముడు చెరో పక్క పట్టుకుని వాగు దాటించారు, మెట్ల దగ్గర తను ఆగిపోయింది. లోపల చివరి దాకా వెళ్ళిన మాకు మాట ప్రతిధ్వనిగా తిరిగి వచ్చింది. నీళ్ళు పచ్చగా, నెమ్మదిగా ఉన్నాయి. ఈ నీళ్ళు కొలరాడోలో పుట్టిన రియో గ్రాండేవి కావు, ఆ నీళ్ళు చాలావరకు పైనే పొలాలకు అయిపోతాయి. ఇక్కడ పారేది ఎక్కువగా మెక్సికో నుంచి వచ్చి కలిసే రియో కాంచోస్ నీళ్ళు. ఈ మాట చెబితే నాన్న, "మన పెన్న మాదిరే" అని ఊరుకున్నారు. పెన్న ఎండిపోయి, పక్క నదుల నీళ్ళ కోసం కాలువల వైపు చూడడం ఆయనకి చెప్పనక్కర్లేదు.

సోమవారం చీకటితో లేచి బేసిన్‌కి వెళ్ళాం. లాస్ట్ మైన్ ట్రైల్ దగ్గర పార్కింగ్ చాలా చిన్నది. ఆరున్నరకి చేరితే మూడు ఖాళీలు ఉన్నాయి. మేం దిగేటప్పుడు రోడ్డు మీద బండ్లు తిరిగి తిరిగి వెనక్కి పోతున్నాయి. ఈ ట్రైల్ రానూపోనూ 4.8 మైళ్ళు, ఎక్కేది 1,100 అడుగులు. ఒక్క రోజే ఉంటే ఈ ఒక్క ట్రైల్ చాలు. నది దగ్గర ఎండిన పొదలు చూసి వచ్చిన కళ్ళకి ఇక్కడ ఓక్, జూనిపర్, పైన్ చెట్లు. మొదటి మైలు చివర ఒక కనుమ వస్తుంది, అక్కడి నుంచి జూనిపర్ కాన్యన్ మొత్తం తెరుచుకుంటుంది. నాన్న అక్కడి దాకా వచ్చి రాయి మీద కూర్చున్నారు, అంతవరకూ ఎవరైనా నెమ్మదిగా రావచ్చు. మిగతావాళ్ళం పైదాకా వెళ్ళాం. పైన గాలి గట్టిగా ఉంది, పిల్లల చెయ్యి వదలకండి.

ఇక్కడ నల్ల ఎలుగుబంట్లు ఉన్నాయి. ఒకప్పుడు ఈ కొండల్లో అవి పూర్తిగా పోయాయి, 1980ల్లో మెక్సికో వైపు కొండల నుంచి ఎడారి దాటుకుని వాటంతటవే తిరిగి వచ్చాయి. ఎవరూ తెచ్చి వదల్లేదు. మాకు కనిపించలేదు, కానీ ప్రతి సైటు దగ్గర ఇనప పెట్టెలున్నాయి, తిండి అందులోనే పెట్టాలి.

బోకీయాస్ గురించి మన వాళ్ళు చాలామంది అడిగారు. పార్క్ లోంచి అధికారికంగా నది దాటి మెక్సికో ఊరికి వెళ్ళే దారి అది. 2002లో మూసేసి 2013లో మళ్ళీ తెరిచారు. చిన్న పడవలో దాటి, గాడిద మీదో నడిచో ఊళ్ళోకి వెళ్ళి భోంచేసి వస్తారు. అమెరికా పాస్‌పోర్ట్ ఉన్నవాళ్ళకి హాయైన సగం రోజు. మాలో తమ్ముడిది హెచ్‌1బీ ఉద్యోగ వీసా, పాస్‌పోర్ట్‌లో వీసా స్టాంపింగ్ గడువు దాటింది. అమ్మానాన్నలది విజిటర్ వీసా. మేం పడవ ఎక్కలేదు. అక్కడ దాటడమంటే దేశం దాటడమే, తిరిగి రావడం మళ్ళీ ప్రవేశమే. లాయర్‌ని ముందు అడగకుండా వెళ్ళకండి. దాని బదులు బోకీయాస్ కాన్యన్ ట్రైల్ నడవండి. దారిలో రాళ్ళ మీద తీగలతో చేసిన తేళ్ళు, చేతికర్రలు పెట్టి, పక్కన డబ్బుల డబ్బా ఉంచుతారు. అమ్మాయి ఒక తేలు కావాలని అడిగింది. అవతలి ఊరి పేదవాళ్ళ చేతిపని అది, చూస్తే కొనాలనే అనిపిస్తుంది. కానీ అక్కడ కొనడం చట్టవిరుద్ధం. కొనలేదు.

కాలం గురించి ఒక మాట. నవంబరు నుంచి మార్చి దాకానే రండి. మనిషికి రోజుకు ఒక గ్యాలన్ నీళ్ళు, అంటే దాదాపు నాలుగు లీటర్లు, తాగడానికే పెట్టుకోమంటారు. మేం వచ్చిన నాలుగు నెలలకు, 2023 జూన్‌లో, మా క్యాంప్‌గ్రౌండ్‌కి దగ్గర్లో మొదలయ్యే మారుఫో వేగా ట్రైల్‌లో 119 డిగ్రీల ఎండలో ఒక 14 ఏళ్ళ అబ్బాయి చనిపోయాడు. వార్త చదివి ఆ రోజంతా నాకు మనసు బాగాలేదు. మన పిల్లలకి స్కూలు సెలవులు వేసవిలోనే కదా అని జూన్, జూలైల్లో బుక్ చేయకండి. ఆసుపత్రి ఆల్పైన్‌లో, 100 మైళ్ళ పైన ఉంది. పెద్దవాళ్ళ మందులు రెండు రోజులకి సరిపడా ఎక్కువే పెట్టుకోండి.

మంగళవారం పొద్దున ట్యాంకులు ఖాళీ చేసి బయల్దేరాం. పాంథర్ జంక్షన్ దాటాక ఎనిమిది మైళ్ళకి ఫాసిల్ ఎగ్జిబిట్ ఉంది, ఆర్‌వీ సులువుగా నిలుపుకోవచ్చు. 1971లో ఈ పార్క్‌లోనే దొరికిన క్వెట్జల్‌కోట్లస్ అనే ఎగిరే జంతువు నమూనా పైనుంచి వేలాడుతుంటుంది. పిల్లలు దాని రెక్కల కింద అటూ ఇటూ పరుగెత్తారు. ఒక అరగంట పెట్టుకోండి.

మారథన్ చేరకముందే బోర్డర్ ప్యాట్రోల్ (సరిహద్దు గస్తీ) వాళ్ళ చెక్‌పోస్ట్ వస్తుంది. మేం సరిహద్దు దాటకపోయినా ఉత్తరానికి పోయే ప్రతి బండినీ ఆపుతారు. పాస్‌పోర్టులు, ఐ-94 (దేశంలోకి వచ్చిన నమోదు) కాగితాలు, తమ్ముడి ఐ-797 (హెచ్‌1బీ అనుమతి పత్రం) అన్నీ ఒక సంచిలో ముందు సీట్లో పెట్టుకున్నాం. ఆఫీసర్ మర్యాదగా చూసి, అమ్మకి నమస్కారం పెట్టి పంపించారు. ఫోన్‌లో ఫొటో చాలు అనుకోకండి, అసలు కాగితాలు తీసుకెళ్ళండి.

క్యాంప్‌గ్రౌండ్ సైట్లు ఆరు నెలల ముందు తెరుచుకుంటాయి. ఫిబ్రవరికి కావాలంటే ఆగస్టులో, తెరిచిన పొద్దుటే కూర్చోవాలి. అమ్మానాన్నలు మళ్ళీ వస్తున్నారు. ఈసారి ఐదు రాత్రులూ చెట్ల కిందే తీసుకోమని నాన్న ఇప్పటికే రెండుసార్లు ఫోన్ చేశారు. అమ్మ మాత్రం చివరి రాత్రి వేణ్ణీళ్ళు ఉన్నచోట కావాలంది.